తోటలో పూసిన పూలు, ఆకులు నొక్కి ఆరబెట్టి అలంకరణలు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తకంలో పెట్టిన పువ్వు నెల తర్వాత తీసి చూస్తే గోధుమరంగు మరకలా మిగిలిందని చెప్పేవాళ్ళే ఎక్కువ. నా మొదటి డజను పూలకూ అదే గతి పట్టింది. తప్పు పువ్వుది కాదు, పుస్తకానిదీ కాదు. లోపలి తడి బయటికి పోయే దారి లేకపోయింది, అంతే. కింది జవాబుల్లో సగానికి పైగా తిరిగి తిరిగి ఈ తడి దగ్గరికే వస్తాయి. విసుక్కోకుండా చదవండి.

మొదటిసారి చేస్తున్నాను. ఏ పూలతో మొదలుపెట్టాలి?

కాగితం పువ్వుతో. దాన్ని పాడుచేయడం చాలా కష్టం. మనం పువ్వు అనుకునే ఆ రంగు భాగం నిజానికి పువ్వే కాదు, పువ్వును చుట్టి ఉండే రంగు ఆకులు. అసలు పువ్వు మధ్యలో కనిపించే చిన్న తెల్లటి గొట్టం. ఆ రంగు ఆకుల్లో నీరు తక్కువ కాబట్టి వారం తిరక్కుండానే ఆరిపోతాయి, రంగూ పెద్దగా దిగదు.

ఆ తర్వాత రేకులు పల్చగా ఉండి, మధ్యలో బొడ్డు లావుగా లేని పూలు తీసుకోండి. కాస్మోస్, పాన్సీ, వర్బీనా, ఫ్లాక్స్, బిళ్ళగన్నేరు, శంఖుపువ్వు, కనకాంబరం అన్నీ ఈ కోవలోవే. ఆకుల్లో ఫెర్న్‌ను మించింది లేదు. కోసేటప్పటికే సగం నొక్కి ఉంచినట్టు బల్లపరుపుగా ఉంటుంది. మునగ రెమ్మ చూడముచ్చటగా ఉంటుంది గానీ, వాడిపోయేకొద్దీ చిన్నాకులు వాటంతటవే రాలిపోతాయి. చివరికి చేతిలో పుల్ల మిగులుతుంది.

మల్లె, నందివర్ధనం లాంటి తెల్ల పూలు ఎందుకు నల్లబడతాయి?

వంకాయ కోసి గాలికి వదిలేస్తే ఎందుకు నల్లబడుతుందో, అందుకే. రేకు నలిగినప్పుడు లోపల విడివిడిగా ఉన్న పదార్థాలు కలిసిపోతాయి, వాటికి గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది, గోధుమరంగు పుడుతుంది. ఎర్ర పువ్వులోనూ ఇదే జరుగుతుంది గానీ, దాని సొంత రంగు కొంత కప్పేస్తుంది. తెల్లదానికి దాచుకునే చోటు లేదు. తెలుపు కావాలంటే బాగా పల్చటి రేకులున్న పూలు వెతకండి, లేదా మైక్రోవేవ్ పద్ధతి వాడండి. మల్లె మీద మాత్రం ఆశ వదులుకోమనే చెబుతాను. దాని అందమంతా వాసనలోనే ఉంది, అది కాగితంలో నిలవదు.

పూలు ఏ వేళప్పుడు కోయాలి?

మంచు పూర్తిగా ఆరాక, ఎండ ముదరకముందు. వాన పడిన రోజు వద్దు. మీ కంటికి కనిపించని తడి రేకుల మడతల్లో దాగి ఉంటుంది. పువ్వు అప్పుడే విచ్చుకున్నదై ఉండాలి. రాలడానికి సిద్ధంగా ఉన్నది నొక్కితే రేకులు విడిపోతాయి, రంగు కూడా అప్పటికే సగం దిగి ఉంటుంది. కోసిన పది పదిహేను నిమిషాల్లో కాగితం మధ్యకు చేరాలి. నేనైతే పాత నోటుబుక్కు చంకలో పెట్టుకునే తోటలోకి వెళ్తాను.

పుస్తకం చాలా, ప్రత్యేకంగా ప్రెస్ కావాలా?

పుస్తకం చాలు, కానీ పువ్వును నేరుగా పేజీల మధ్య పెట్టకండి. పేజీ పాడవుతుంది, నున్నటి అచ్చు కాగితం తడిని పీల్చదు కూడా. పువ్వుకు అటూ ఇటూ బ్లాటింగ్ పేపరు గానీ, గీతలు లేని సాదా తెల్ల కాగితం గానీ పెట్టి, ఆ పొట్లాన్ని పుస్తకంలో ఉంచండి. దాని పైన ఇంకో నాలుగు లావు పుస్తకాలు. బరువు ఎక్కువ ఉండటం కన్నా అన్ని వైపులా ఒకేలా పడటం ముఖ్యం.

తరచుగా చేసేవాళ్ళు ప్రెస్ సొంతంగా తయారు చేసుకోవచ్చు. ఒకే కొలతలో రెండు ప్లైవుడ్ చెక్కలు, నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు, నాలుగు పొడవాటి బోల్టులు, చేత్తో తిప్పే రెక్కల నట్లు. మధ్యలో అట్టముక్క, కాగితం, పువ్వు, కాగితం, అట్టముక్క అనే వరసలో పేర్చుకుంటూ పోవాలి. అట్టముక్కలు గళ్ళు ఉన్న రకమైతే ఆ గళ్ళలోంచి గాలి ఆడుతుంది. పువ్వు ఆరేకొద్దీ పల్చబడుతుంది కాబట్టి రోజూ ఒకసారి నట్లు బిగించాలి. ఇది మరిచిపోతే రేకులు ముడతలు పడతాయి.

వంటింటి టిష్యూ మాత్రం వాడకండి. తడి బాగా పీలుస్తుందని ఒకసారి పాన్సీలన్నీ దాని మధ్యే పెట్టాను. వారం తర్వాత తీస్తే ప్రతి రేకు మీదా టిష్యూ మీది చుక్కల డిజైను అచ్చుపడి ఉంది. ఊదారంగు పూలకు మశూచి పోసినట్టు కనిపించాయి.

ఎన్ని రోజులు ఉంచాలి?

పల్చటి పూలకు రెండు వారాలు, లావైన వాటికి మూడు నాలుగు. అయితే రోజుల లెక్క కన్నా కాగితం మార్చడం ముఖ్యం. పువ్వులోని నీరు చాలావరకు మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటికి వస్తుంది. ఆ నీరంతా కాగితంలోకి చేరుతుంది. అదే కాగితాన్ని అలాగే ఉంచేస్తే పువ్వు తన నీటిలో తానే నానుతూ ఉంటుంది. మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారానికి ఇంకోసారి పొడి కాగితం పెట్టండి. మొదటిరోజు తీసినప్పుడు పువ్వు కాగితానికి అంటుకుని ఉంటే లాగకండి. పువ్వును తాకే పల్చటి కాగితాన్ని అలాగే ఉంచి, దాని వెనకున్న బ్లాటింగ్ మాత్రం మార్చండి.

ఆరిందో లేదో తేల్చుకోవడానికి పువ్వును పెదవికి గానీ చెంపకు గానీ ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, ఎందుకంటే ఆవిరయ్యే నీరు వేడిని లాక్కుంటుంది. విషపు మొక్క అయితే పెదవి జోలికి పోకండి, చేతి వెనకభాగం చాలు. కాడ పట్టుకుని ఎత్తినా తెలుస్తుంది. ఆరిన పువ్వు నిటారుగా నిలుస్తుంది, ఆరనిది తల వాలుస్తుంది.

ఎంత జాగ్రత్తగా చేసినా రంగు మారుతోంది. ఎందుకు?

అన్ని రంగులూ ఒకే పదార్థం నుంచి రావు. దేని తీరు దానిదే.

పసుపు, నారింజ రంగులు చాలావరకు కెరోటినాయిడ్లవి. బంతి రేకుల పసుపు అదే. ఇవి మొండివి, ఆరాక కూడా చాలాకాలం నిలుస్తాయి. ఎరుపు, ఊదా, నీలం ఎక్కువగా ఆంథోసయనిన్లు. ఇవి కణంలోని నీళ్ళలో కరిగి ఉంటాయి, ఆ నీటి పులుపును బట్టి రంగు మార్చుకుంటాయి. నీరు పోయేకొద్దీ ఆ లెక్క తారుమారవుతుంది కాబట్టే ఎర్ర గులాబీ రేకు ఆరాక నల్లగా, ఊదాగా తేలుతుంది. ముదురు ఎరుపు కావాలంటే ఎర్ర గులాబీ బదులు ముదురు గులాబీ రంగుదో నారింజదో నొక్కి చూడండి, మీరు అనుకున్న రంగుకు దగ్గరగా వస్తుంది. కాగితం పువ్వు రంగు ఈ రెండు జాతులదీ కాదు. అది బీటాలైన్లు అనే వేరే కుటుంబం.

ఆకుల పచ్చదనం క్లోరోఫిల్. దాని మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. కణం చచ్చిపోయి లోపలి ఆమ్లం తగిలితే ఆ మెగ్నీషియం ఊడిపోయి, పచ్చదనం కాస్తా బూడిద కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. ఆరడం ఎంత నెమ్మదిగా జరిగితే ఈ మార్పుకు అంత సమయం దొరుకుతుంది. కాబట్టి రంగు నిలవాలంటే తడి తొందరగా పోవాలి. ఈ పనిలో ఓపిక అవసరమే గానీ, ఆ ఓపిక పువ్వుకు ఉండకూడదు.

మైక్రోవేవ్‌లో చేయవచ్చా?

చేయవచ్చు. తొందర ఉన్నవాళ్ళ కోసమే కాదు, రంగు కోసం కూడా చాలామంది ఈ పద్ధతే ఇష్టపడతారు. లోహపు మెరుపు లేని రెండు సాదా సిరామిక్ టైల్స్ తీసుకోండి. మధ్యలో అట్టముక్క, కాగితం, పువ్వు, కాగితం, అట్టముక్క పెట్టి రబ్బరు బ్యాండ్లతో బిగించండి. తక్కువ పవర్ మీద 30 సెకన్లు తిప్పి, బయటికి తీసి, విప్పి, ఆవిరి పోనిచ్చి, చల్లారాక మళ్ళీ పెట్టాలి. పల్చటి పువ్వుకు ఇలా రెండు మూడు సార్లు చాలు. విప్పకుండా ఏకబిగిన రెండు నిమిషాలు తిప్పితే పువ్వు ఉడికిపోతుంది, ఇంకాస్త పోతే కాగితం మాడుతుంది. స్టేపుల్ పిన్ను, బోల్టు, తీగ, ఏ లోహమూ లోపలికి పోకూడదు. టైల్స్ కాలుతుంటాయి, గుడ్డ పట్టుకుని తీయండి.

పొడిగా అనిపించినా సరే, తర్వాత రెండు రోజులు పుస్తకంలో ఉంచండి. కాడలోనూ బొడ్డులోనూ కాస్త తడి మిగిలే ఉంటుంది.

ఇస్త్రీ పెట్టెతో?

ఆకులకు బాగుంటుంది, పూలకు అంతగా కాదు. ఆవిరి ఆపేసి, తక్కువ వేడిలో, సాదా కాగితాల మధ్య ఉంచి 10–15 సెకన్లు అదమండి, ఎత్తండి, చల్లారనివ్వండి, మళ్ళీ అదమండి. బట్టల మీద లాగినట్టు అటూ ఇటూ లాగకండి, ఆకు చిరుగుతుంది. ముందు ఒక రోజు పుస్తకంలో ఉంచిన ఆకైతే ఇంకా తేలిక.

గులాబీ, బంతి, చామంతి లాంటి ముద్దపూలు నొక్కడం ఎలా?

ముద్దగా ఉన్నది ముద్దగానే నొక్కితే లోపల కుళ్ళుతుంది. బంతిని, గులాబీని రేకులుగా విప్పి ఒక్కొక్కటి విడిగా ఆరబెట్టి, అతికించేటప్పుడు బయటి రేకులు ముందు, లోపలివి తర్వాత పేర్చి మళ్ళీ పువ్వు కట్టాలి. పది రేకులున్న గులాబీకి ఆరు రేకులు చాలు, కన్ను మిగతావి ఊహించుకుంటుంది. మొగ్గలనైతే బ్లేడుతో నిలువునా రెండుగా కోసి, కోసిన వైపు కాగితం మీదకు పెట్టండి.

చామంతి లాంటి వాటికి బొడ్డు లావు, రేకులు పల్చన. బరువంతా బొడ్డు మీదే పడి రేకుల మీద ఒత్తిడి ఉండదు, అవి ముడుచుకుపోతాయి. బొడ్డు సైజులో రంధ్రం చేసిన స్పాంజి ముక్క గానీ, అలాగే కత్తిరించిన నాలుగైదు కాగితాలు గానీ పువ్వు మీద పెడితే ఒత్తిడి సమానమవుతుంది.

మందారం వేరే తంటా. రేకుల్లో జిగురు ఉంటుంది, కాగితానికి అతుక్కుపోతుంది. కోశాక కొన్ని గంటలు వాడనిచ్చి, రేకులు విడదీసి పెట్టి, కాగితం మొదటి రోజే రెండుసార్లు మార్చితే కొన్నైనా దక్కుతాయి.

బూజు పట్టింది. కాపాడుకోవచ్చా?

లేదు. పారేయండి. దాన్ని తాకిన కాగితాన్ని కూడా. మిగతా పూలను కొత్త కాగితంలోకి మార్చి, ప్రెస్‌ను గాలి ఆడేచోట పెట్టండి.

అతికించడానికి ఏ జిగురు? నాకు మరకలు పడుతున్నాయి.

జిగురు ఎక్కువవుతోంది. ఇక్కడ తప్పు చేయనివాళ్ళు లేరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

సాధారణ తెల్ల జిగురు చాలు. ఒక మూతలో కొద్దిగా పోసి, రెండు మూడు చుక్కల నీళ్ళు కలపండి. పువ్వును ట్వీజర్‌తో బోర్లా తిప్పి పెట్టుకోండి. టూత్‌పిక్ కొనతో జిగురు అద్ది, మూత అంచుకు తుడిచి, మిగిలిన ఆ కాస్తనే బొడ్డు వెనకా, ప్రతి రేకు మొదట్లోనూ, కాడ మీద రెండు చోట్లా తాకించండి. రేకుల కొసలకు అసలు వద్దు. కొసలు కాస్త లేచి ఉంటేనే పువ్వు బతికున్నట్టు ఉంటుంది. తిప్పి కార్డు మీద పెట్టి, పైన సాదా కాగితం వేసి వేలితో రుద్దకుండా అదమండి. తర్వాత ఒక పుస్తకం బరువు, ఒక గంట.

పల్చటి రేకులకు నీళ్ళు ఎక్కువైన జిగురు తగిలితే రంగు కరిగి కారుతుంది. ఆంథోసయనిన్లు నీళ్ళలో కరుగుతాయని పైన చెప్పింది ఇందుకే. ఒక గ్రీటింగ్ కార్డు మీద శంఖుపువ్వు అతికించి, కింద రాతంతా పూర్తిచేశాక చూస్తే పువ్వు చుట్టూ నీలి వలయం పాకి ఉంది. అది తీసేసే దారి లేక, ఇంకో మూడు పూలు దాని మీద పేర్చి కావాలనే చేసినట్టు ఇచ్చేశాను. అలాంటి పూలకు ఇప్పుడు గ్లూ స్టిక్ వాడుతున్నాను.

ఫ్రేము కట్టించేటప్పుడు ఏం చూడాలి?

పువ్వు అద్దానికి గట్టిగా ఆనాలి, లేదా అసలు తగలకూడదు. సగం సగం ఆనితే అక్కడక్కడా తడి చేరి మచ్చలు పడతాయి. వెనక పెట్టే కాగితం ఆమ్లం లేనిదైతే పసుపుబారదు. వెనక అంచులన్నీ టేపుతో మూసేయండి, గాలి, పురుగు రెండూ ఆగుతాయి. ఫ్రేమును ఎండ పడే గోడకు, స్నానాలగది గోడకు తగిలించకండి. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం దొరుకుతుంది. అది వెలిసిపోవడాన్ని నెమ్మదింపజేస్తుందే గానీ ఆపదు.

నొక్కిన పూలతో బొమ్మలు కూర్చే కళను జపాన్‌లో ఒషిబానా అంటారు. అక్కడివాళ్ళు ఫ్రేములోంచి గాలి తీసేసి, తేమనూ ఆక్సిజన్‌నూ పీల్చే పదార్థాలు వెనక పెట్టి సీలు వేస్తారు. వాటి రంగులు అంతకాలం నిలవడానికి అదే కారణం.

అతికించడం వచ్చింది గానీ డిజైను కుదరడం లేదు.

అన్ని పూలనూ ఎదురుగా మనల్నే చూసేలా నొక్కడం వల్ల అలా ఉంటుంది, బడిలో తీసుకున్న గ్రూపు ఫోటోలాగా. కొన్నింటిని పక్కవాటుగా నొక్కండి. మొగ్గలు, వంగిన కాడలు, పురుగు కొరికిన ఆకు కూడా ఉంచుకోండి. కాడను నొక్కేటప్పుడే మీకు కావలసిన వంపు తిప్పి పెట్టాలి, ఆరాక వంచితే విరుగుతుంది. జిగురు తీయకముందు అన్నీ పేర్చి, ఫోను‌తో ఫోటో తీసి చూసుకోండి. ఎక్కడ కిక్కిరిసిందో ఫోటోలో ఇట్టే దొరుకుతుంది. ఆ తర్వాత రెండు పూలు తీసేయండి. దాదాపు ప్రతిసారీ అప్పుడే బాగుంటుంది.

లామినేషన్, రెజిన్, కొవ్వొత్తులు?

లామినేషన్ బుక్‌మార్కులకు బాగుంటుంది. వేడి రకమైతే తడి ఏమాత్రం మిగిలినా పువ్వు అక్కడికక్కడే గోధుమరంగుకు తిరుగుతుంది, కాబట్టి అతికించుకునే చల్ల రకం మేలు. పువ్వు చుట్టూ కనీసం అర సెంటీమీటరు ఖాళీ ప్లాస్టిక్ వదిలి కత్తిరించండి. లేకపోతే అంచు విచ్చుకుంటుంది.

రెజిన్‌లో (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పెట్టే పువ్వు నూటికి నూరుపాళ్ళు ఆరి ఉండాలి. రేకుల మీద ముందుగా పల్చటి జిగురు పూత వేసి ఆరనిస్తే గాలి బుడగలు తగ్గుతాయి. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి. గట్టిపడని రెజిన్ చర్మానికి పడదు, కొందరికి జీవితాంతం పోని ఎలర్జీ తెచ్చిపెడుతుంది. ఈ పని పిల్లల చేత చేయించకండి.

కొవ్వొత్తి మీద పూలు అతికించడం నాకు ఇష్టం లేదు. ఎండుపువ్వు అంటే ఎండుగడ్డే, మంట అందుకుంటే క్షణం పట్టదు. దీపకాంతిలో పూలు చూడాలనుంటే గాజుసీసాకు బయటివైపు అతికించి, లోపల బ్యాటరీతో వెలిగే చిన్న లైటు పెట్టండి.

ఆకు ఈనెలు మాత్రమే మిగిలేలా జల్లెడ ఆకు ఎలా చేస్తారు?

రావి ఆకు లాంటి దళసరి, ముదురు ఆకు కావాలి. నీళ్ళలో ముంచి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, వదిలేస్తే మెత్తటి భాగం కుళ్ళి ఈనెలు మిగులుతాయి. నీళ్ళు వారానికోసారి మార్చాలి. వాసన భరించలేం, బకెట్టు ఇంటికి దూరంగా పెట్టండి. తొందరగా కావాలంటే నీళ్ళలో వాషింగ్ సోడా కలిపి సన్నటి మంట మీద మెత్తబడేదాకా మరిగించవచ్చు. చేతులకు గ్లవ్స్ ఉండాలి, ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడకూడదు. ఏ పద్ధతైనా చివరికి ఆకును పళ్ళెంలో నీళ్ళు పోసి పరిచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో మధ్య ఈనె నుంచి అంచు వైపు మెల్లగా తుడవాలి. పచ్చటి పసరు పొరగా లేచిపోయి కింద వల బయటపడే ఆ ఐదు నిమిషాల కోసం మూడు వారాల కంపు భరించవచ్చు.

ఏ మొక్కల విషయంలో జాగ్రత్త అవసరం?

గన్నేరు, ఉమ్మెత్త, లార్క్‌స్పర్, ఫాక్స్‌గ్లోవ్ విషపూరితం, ఎండినా విషం పోదు. వాటిని తాకాక చేతులు కడుక్కోండి, పిల్లల నోటికి అందేచోట పెట్టకండి. ఇతరుల తోటలో, పార్కులో, అడవిలో అడగకుండా కోయకండి. కొన్ని అడవి మొక్కలకు చట్టపరమైన రక్షణ ఉంటుంది.

పురుగులు పట్టకుండా ఎలా దాచాలి?

ఎండిన పూలంటే చిన్న గోధుమరంగు పెంకుపురుగులకు విందు. గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, చీకటిలో ఉంచండి. కాగితం మీద పొడి రాలినట్టు కనిపిస్తే అన్నిటినీ ప్లాస్టిక్ సంచిలో మూసి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక సంచి పూర్తిగా గది వేడికి వచ్చేవరకు విప్పకండి. ముందే విప్పితే గాలిలోని తేమ పూల మీద చెమర్చి మొత్తం శ్రమ వృథా అవుతుంది.

ఇవన్నీ చేస్తే ఎన్నేళ్ళు ఉంటాయి?

గోడ మీద వెలుతురులో ఉన్నవి కొన్నేళ్ళలో వెలుస్తాయి. చీకట్లో ఉన్నవాటి లెక్క వేరు. 16వ శతాబ్దపు ఇటలీలో మొక్కలను నొక్కి కాగితానికి అతికించి దాచడం మొదలైంది, ఆ కాలపు నమూనాలు కొన్ని నేటికీ ఉన్నాయి. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ చదువుకునే వయసులో 424 మొక్కలను 66 పేజీల ఆల్బంలో అతికించింది. అది ఇప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఆమె చేసిన ఇంకో పని మనమూ చేయవచ్చు: చాలా మొక్కల పక్కన సన్నటి చీటీ మీద పేరు రాసింది. నేను పేరుతోపాటు కోసిన తేదీ కూడా పెన్సిలుతో రాస్తాను. పెన్ను ఇంకు తడికి పాకుతుంది.

విరిగిపోయిన రేకులు, రాలిన ముక్కలు పారేయాలా?

వద్దు. రంగుల వారీగా చిన్న సీసాల్లో వేసుకోండి. పసుపు బంతి ముక్కలతో సీతాకోకచిలుక రెక్కలు, ఫెర్న్ కొసలతో దాని మీసాలు చేయవచ్చు. పిల్లలకు పూర్తి పూల కన్నా ఈ సీసాలే ఎక్కువ నచ్చుతాయి. విరిగిపోతుందన్న భయం ఉండదు మరి, అవి ముందే విరిగాయి.